కాటా మాత్రమే

ఏకాంబరం చిత్తూరు నుంచి బండి మీద వచ్చి
గోడ వెంబడి పాకిన తీగలన్నీ పీకి
చుట్టగా చుట్టి సంచీలో వేసుకున్నాడు.
"ఇంక గాల్లోనే పోతాదక్కా అంతా" అన్నాడు.
పైన మేనేజరు గదిలో ఒకటి,
కింద నా కాటా గదిలో ఒకటి,
ఒకే కంపెనీ, ఒకే తెలుపు, ఒకే దగ్గు.
పేర్లు కూడా అంతే, మరీ ఆలోచించలేదు:
ఆఫీసు-ఒకటి, ఆఫీసు-రెండు.

తీగ ఉన్నప్పుడు తడుముకుంటా పోతే
ఎలక కొరికిన చోటు చేతికి తగిలేది.
ఇప్పుడు తప్పెక్కడో చూపించడానికి
వేలు పెట్టే చోటే లేదు.

జూన్ నెల. తోతాపురి కాయ.
బంగారుపాళ్యం రోడ్డు మీద ట్రాక్టర్లు
తోక కనపడనంత దూరం.
తవణంపల్లోళ్ళు, ఐరాలోళ్ళు,
రెండు రాత్రులుగా ట్రాలీ కింద గోతాం పరుచుకొని పడుకున్నోళ్ళు.
లోడు బరువు, ఖాళీ బరువు, తీసివేత, స్లిప్పు.
స్లిప్పు వెచ్చగా వస్తాది.
వాళ్ళు దాన్ని చదవరు, ముందు చెంపకు ఆనించుకుంటారు.
కొందరే, అందరూ కాదు.

ఆ సాయంత్రం గాలివాన.
కరెంటు పోయి వచ్చె, పోయి వచ్చె.
రౌటరు దీపం ఎర్రగా మారి, చాలాసేపటికి పచ్చబడింది.
పైనుంచి మేనేజరు అరుపు:
"నా ప్రింటు ఏదబ్బా? మూడుసార్లు కొట్టినా!"

తొమ్మిదిన్నరకు
నేనేమీ నొక్కకుండానే
ఆఫీసు-రెండు గొంతు సవరించుకొని
ఒక కాగితం బయటికి తోసింది.

రేపు ఉదయం ఆరు నుంచి
కిలో ఎనిమిది రూపాయలు కాదు, అయిదు.
అందాకా తూకం నిదానంగా నడపవలెను.
గేటులో ఎవరికీ తెలపరాదు.
కింద సంతకం చోటు ఖాళీ.

సంతకం లేదు కదా,
అది ఆర్డరు కాదు, నాకు సంబంధం లేని ఒక కాగితం అనుకున్నా.
అనుకొని, బోర్లించి, కీబోర్డు కింద పెట్టినా.
తర్వాత కిటికీ తెరిచి,
"మునిరత్నం నా, టీకి పోవద్దు,
బండ్లు వదలతానే ఉండు" అన్నా.
ఎందుకని అడగలేదు. విజిలేసినాడు.

ఆ రాత్రి కాటా పలక చల్లబడలేదు.
రెండింటికి అక్షరాలు పాలిపోతే
కార్ట్రిడ్జి ఊడదీసి, ఏడ్చే బిడ్డను ఊపినట్టు ఊపి
మళ్ళీ పెట్టినా.
నా చేతులు నల్లగా,
వాళ్ళ చేతులు మామిడి సొనకు నల్లగా.

అయిదూ యాభై రెండు.
కాటా మీద గంగులప్ప బండి.
తెర మీద: కాగితం లేదు.
అల్మారా తాళం స్టోరు ఆయన దగ్గర,
ఆయన ఇంటి దగ్గర.
కీబోర్డు కింద చూసినా.
వెనక వైపు తెల్లగా ఉండాది.

ట్రేలో పెట్టినా. వచ్చింది.
ఒక వైపు మూడు టన్నుల నలభై, ఎనిమిది రూపాయలు.
వెనక వైపు అయిదు.
గంగులప్ప నాలుగు మడతలు వేసి
బీడీకట్ట పక్కన పెట్టుకొని పోయినాడు.
కావాలని చేసినానా అంటే
కాగితం అయిపోయిందనే చెప్తా.

పొద్దున్నే మేనేజరు దిగి వచ్చి,
"జబీన్, నీకేమన్నా వచ్చిందా రాత్రి?"
"నెట్‌వర్కు సార్" అన్నా.
ఆ మాట అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.
గేటు బయట ఇంకా ముప్పై ఎనిమిది బండ్లు.
వాటికి అయిదే.
ఆ ముప్పై ఎనిమిది స్లిప్పులు కూడా నేనే కొట్టినా.

ఏకాంబరం మళ్ళీ వచ్చి పేర్లు మార్చినాడు.
నా దాని పేరిప్పుడు "కాటా మాత్రమే."

డబ్బులిచ్చే రోజు
స్లిప్పులు నా కిటికీలోంచే లోపలికి వస్తాయి.
ఒక్కొక్క దాన్నీ వెనక్కి తిప్పి చూస్తా ఉండా.
గంగులప్ప ఇంకా రాలేదు.