నాలుగున్నర అంగుళాల నడుము

మూతబడిన యూనిట్లో సామాను అమ్ముతాంటే
ఆర్నూరు ఇచ్చి తెచ్చినా దీన్ని.
ఎర్ర పొట్ట, రెండు చక్రాలు, పొడుగాటి తొండం.
బొమ్మక్క చూసి "వినాయకుడా?" అనె.
ఆ పొద్దునుంచి పేరు అదే.

రాయదుర్గంలో దుమ్ము రెండు రంగులు.
ఆషాఢం గాలికి కొండ మీదనుంచి దిగేది ఎర్రది,
దానికి తలుపేస్తే చాలు.
ఇంకోటి నీలం.
జీన్సు గుడ్డ కత్తిరించినప్పుడల్లా, కుట్టినప్పుడల్లా
సన్నగా లేసి
ట్యూబులైటు మీద, ఉప్పు డబ్బా మూత మీద,
నిద్రబోయే పిల్లోని కనురెప్పల మీద వాలతాది.
తలుపేస్తే అది లోపలే ఉంటాది.
పొద్దున్నే ముక్కు చీదితే ఇంకు పెన్ను కక్కినట్టు.
చీపురుతో తరిమితే
అప్పులోడి మాదిరి వీధి చివరిదాకా పోయి
మళ్ళీ మన గడపకే వస్తాది.

మూన్నెల్లు బాగానే మింగె వినాయకుడు.
తర్వాత తొండానికీ మూతికీ చెడింది.
గోరంత ప్లాస్టిక్ కొక్కి,
యాడ ఇరిగిందో, యాడ పడిందో,
అదే మింగేసిందో ఏమో.
మిషన్ కిందికి తోసి లాగితే
మూతి అక్కడ, తొండం నా చేతిలో.
ఉత్త గాలి పీల్చుకుంటా ఒకటే హోరు.

ఫక్రుద్దీన్ అంగడికి మోసుకపోతే
తిప్పి తిప్పి చూసి
"అక్కా, మోటారు బంగారం.
మూతి మాత్రం కంపెనీది రావల్ల. బళ్ళారిలో ఎనిమిన్నూరు" అనె.
మనిషి ఆర్నూరు, మూతి ఎనిమిన్నూరు!
దారి పొడుగునా నవ్వుకుంటా వచ్చినా.

దారం చుట్టినా. జారె.
టేపు చుట్టినా. మధ్యాన్నం ఎండకి జిగురు కారె.
పిల్లోడు బబుల్‌గమ్ నమిలి ఇస్తానన్యాడు.
ఎంసీల్ మెత్తితే మాత్రం రాయి మాదిరి పట్టె,
మంచం కిందికి సన్న మూతి మార్చాల్సొస్తే
సుత్తితో కొట్టి తియ్యాల్సొచ్చె.
అప్పుడు తెలిసె దీనికేం కావల్లో.
పట్టుకోవల్ల. అడిగినప్పుడు వదలవల్ల.
వదులు అనే మాట ఎంత తిక్కదో చూడు,
ఊడిపోయేదాన్నీ అదే అంటాము,
గట్టిగా పట్టుకున్నోణ్ణి చెయ్యి తియ్యమనేదానికీ అదే అంటాము.

రాత్రి కరెంటు పోయె.
కుట్టు ఆగినా చేతులు ఆగవు కదా.
సెల్లు లైటు గూట్లో ఆనించి
మెడలో కొలత టేపు తీసి
తొండం చుట్టూ తిప్పినా.
నాలుగున్నర అంగుళాలు.

పన్నెండేండ్లుగా నడుములే కుడతాండా.
ఇరవై ఎనిమిది, ముప్పై రెండు, ముప్పై ఆరు.
బెల్టుపట్టీ వరకే నా పని,
జేబులు బొమ్మక్కవి, కాళ్ళు ఇంకెవరివో.
ఆ నడుములు ఏ ఊరివో,
కడుపునిండా తింటాండాయో పస్తులుంటాండాయో,
ఒక్కటి చూసింది లేదు.
ఇదొక్కటే ఎదురుగా నిలబడి కొలత ఇచ్చింది.

వేస్టు గుట్టలోనుంచి బెల్టుపట్టీ తుంట తీసి,
లోపల సైకిల్ ట్యూబు ముక్క పెట్టి,
పద్దెనిమిదో నంబరు సూదితో
చక్రం చేత్తో తిప్పుకుంటా నాలుగు వరుసలు.
చీకట్లో ఒక్కో కుట్టూ వినబడె.
కాజా తీసినా. ఇత్తడి గుండీ కొట్టినా.
తొండం మీద, మూతి మీద సగం సగం పడేట్టు తొడిగి
గుండీ పెడితే
బిర్రుగా.
లాగి చూసినా. ఊపి చూసినా.
మనసాగక గుండీ విప్పి చూసినా,
మూతి మెల్లగా చేతిలోకొచ్చె.

తెల్లారుజామున కరెంటు వచ్చె.
మిషన్ కింద నీలమంతా
గొణుక్కుంటా లోపలికి పోయె.
బొమ్మక్క పనికొచ్చి చూసి
"వినాయకుడికి ప్యాంటు కుట్టినావే! జిప్పు ఏదీ?" అనె.

జిప్పు లేదు గానీ,
మొదటి కాజాకు అరంగుళం అవతల
రెండో కాజా తీసిపెట్టినా.
రబ్బరే కదా, గుడ్డే కదా.
ఎప్పుడో ఒకప్పుడు వదులైతాది.