తెగిన చోటు

ఉలాన్‌బాతర్. జనవరి. మైనస్ ముప్పై ఒకటి.
ఎడమ కిటికీ సగంలో నిలిచిపోయిన కారు
బొగ్గుపొగలోంచి దగ్గుతూ వచ్చి
నా షెడ్డు ముందు ఆగింది.
ఆ సందులో గొర్రెతోలు కుక్కి
పైన ప్యాకింగ్ టేపు వేశారు.
చలికి పెళుసెక్కిన టేపు
చెయ్యి తగలగానే చిట్లింది.

ఉరాంచిమెగ్ గడ్డపాలు అమ్ముతుంది.
రాత్రి గిన్నెల్లో పోసి గుమ్మం బయట పెడితే
తెల్లారేసరికి రాయి అయ్యే పాలు.
కారు జపాన్‌ది, స్టీరింగు కుడి పక్క.
మా రోడ్డు మీద బళ్లూ కుడి పక్కే పోతాయి.
ముందు లారీ ఉందంటే
ఆమెకి ఎదురొచ్చేవి కనపడవు.
ఎడమ సీట్లోంచి ఇవేల్త్ తల బయటపెట్టి
"ఎవరూ లేరమ్మా, పోనీ" అంటాడు.
తొమ్మిదేళ్ల కళ్ల మీద నడిచే బండి.

"మోటారు పోయిందట. మార్చాలట."
వంతెన దగ్గరి షాపువాడు ఎంత అడిగాడో కూడా చెప్పింది.
నేనేమీ అనలేదు.
"ముందు విను. తర్వాత చూడు. స్క్రూడ్రైవరు ఆఖర్న"
అనేవాడు నాకు పని నేర్పిన లువ్సన్ ముసలాయన.

లోపలి దీపం వేసి బటన్ నొక్కాను.
దీపం కాస్త కుంగిందంటే
కరెంటు మోటారు దాకా వెళ్లి
అక్కడ పెనుగులాడుతున్నట్టు.
దీపం చలించలేదు.
టోపీ తీసి తలుపుకి చెవి ఆనించాను,
చెవి అతుక్కుపోతుందేమో అనిపించే ఇనుము.
టిక్కు లేదు. మూలుగు లేదు.
లోపలివాడు చచ్చిపోలేదేమో,
పిలుపే అందలేదేమో.

ఫ్యూజు బాగానే ఉంది.
మిగతా మూడు కిటికీలూ చెప్పిన మాట వింటున్నాయి.
ఇదొక్కటే, పిల్లాడి బటన్‌కీ పలకదు,
తల్లి బటన్‌కీ పలకదు.

తలుపు అట్ట ఊడదీశాను
(రెండు క్లిప్పులు విరిగాయి, అది నా తప్పే).
అడుగున దుమ్ములో ఒక జపాన్ నాణెం,
ఏ ఊరి పాపదో ఎర్రటి జడపిన్ను.
బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగి
సూటిగా మోటారుకి తాకించాను.
గాజు ఉలిక్కిపడి జానెడు లేచింది.

అప్పటిదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డ ఇవేల్త్
నెమ్మదిగా అన్నాడు:
"నేనే పాడుచేశా.
ఊరికే నొక్కేవాణ్ణి. చాలాసార్లు."
తల్లి వాడి వైపు చూసింది.
ఎన్ని రాత్రులుగా మోస్తున్నాడో ఆ బటన్‌ని.

"ఇలా రా. దీన్ని నొక్కి పట్టుకో.
నేను ఆపమనేదాకా వదలకు."
వాడు నొక్కాడు. నేను తలుపు మెల్లగా తెరిచాను.
సగం తెరిచాక గాజు కదిలింది.
ఇంకో వేలెడు తెరిస్తే ఆగిపోయింది.
మళ్లీ వెనక్కి, మళ్లీ కదిలింది.

తలుపుకీ బండికీ మధ్య రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది,
తొండంలా ముడతలు పడి.
దాన్ని లాగి చూస్తే లోపల ఆకుపచ్చ తీగ.
పైతొడుగు చెక్కుచెదరలేదు.
వేళ్ల మధ్య నలిపితే తెలిసింది,
లోపల రాగి తెగింది.

"బటన్ కాదురా" అన్నాను.
వాడి భుజాలు దిగాయి.
"రోజుకి ఈ తలుపు ఎన్నిసార్లు తీస్తావు?"
ఇంటికి రెండుసార్లు.
ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టి
నాలుగో వీధి దగ్గర వదిలేశాడు.
ఉరాంచిమెగ్ పొయ్యిలో లేని బొగ్గుని
ఊచతో కదిపింది.
"అయితే నేనే కదా?"
నాకు జవాబు తట్టలేదు.
సోల్డరింగ్ కడ్డీ వేడెక్కిందో లేదో చూశాను.

కొత్త తీగ కొంచెం పొడుగ్గానే వేశాను,
వంగడానికి వీలుగా.

మోటారు ఖరీదు నేను తీసుకోలేను.
ఉన్న నోట్లు ఇచ్చి, రెండు పాలగడ్డలు పెట్టింది,
గిన్నె లేకున్నా గిన్నె రూపం వదలని పాలు.

గేటు దగ్గర బండి ఆగింది. ముందు బొగ్గు లారీ.
ఎడమ గాజు దిగింది.
చిన్న తల బయటికొచ్చి, అటు చూసి, లోపలికెళ్లింది.
తర్వాత గాజు పైకి లేచిందో లేదో
పొగలో కనపడలేదు.
టోపీ తీసి
విన్నాను.