గురువారం సంత

ఎల్ ఆల్టోలో గురువారం సంత.
గాలికి టార్పాలిన్లు టపటపమంటున్నాయి.
సతుర్నీనా కొంగుముడిలో ఎనిమిది వందల బొలీవియానోలు.
మంచులో ఎండబెట్టిన దుంపలు అమ్మిన డబ్బు,
ఇంకా ఆ మట్టివాసనే.

టాబ్లెట్ కొత్తది.
వేలు పెడితే చాలు, లోకం పక్కకు జరుగుతుంది.
"కీబోర్డు మాత్రం విడిగా కొనుక్కోవాలమ్మా,"
అన్నాడు కుర్రాడు, ఆ ఒక్క మాటా మెల్లగా.

ల్యాప్‌టాప్ పాతది.
మూతమీద ఎవరిదో ఆఫీసు స్టిక్కరు, సగం గీకేసి.
నెల్ఫీ ఒక్కో మీటా నొక్కి చూసింది.
"అమ్మా, ఇందులో ఞ లేదే!"
చుఞో అని రాయాలంటే ఞ కావాలి.
చుఞో అంటే వాళ్ళమ్మ అమ్మే దుంప.

సతుర్నీనా రెండింటినీ చెరో చేతిలోకి తీసుకుంది,
తక్కెడ లేనప్పుడు దుంపల్ని తూచినట్టు.
"కాలేజీకి ఎన్ని పేజీలు రాసివ్వాలన్నావ్?"
"నలభై."
"నలభై పేజీలూ అద్దం మీద గీకుతావా?"

బేరం ఏడువందల తొంభైకి తెగింది.
చార్జరు పైవారం తెస్తానన్నాడు.

ఇంటికి నడకే.
ఒకప్పుడు నెల్ఫీని కట్టుకున్న రంగుల దుప్పట్లో,
అదే వీపు మీద, ల్యాప్‌టాప్.
"పోనీలే ఆ అక్షరం,
దుంపల గురించి ఎవరు రాస్తారు?" అంది తల్లి.

నలభై పేజీలూ వాటి గురించేనని
నెల్ఫీ ఇంకా చెప్పలేదు.