నోల్ఫా కోటు

కరుణ నేర్పుతారట మాకు.
ఎనిమిది బుధవారాలు, రెండు నుంచి మూడున్నర దాకా,
హాజరు తప్పనిసరి.
నోటీసు కింద సంతకం పెడుతుంటే నవ్వొచ్చింది.
పదహారేళ్లుగా ఈ వార్డులో
ఎర్ర మందు ఎక్కిస్తున్న చేతికి
ఇప్పుడా ఓనమాలు?

వాల్దివియాలో ఆ నెలంతా వాన.
గాలి ఇటు తిరిగితే
నది ఒడ్డున చేపల బజారులో
తలకాయల కోసం అరిచే సముద్రసింహాలు
కీమో గది దాకా వినిపిస్తాయి.
కుర్చీలు పద్నాలుగు.
పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎప్పుడు మానేశానో తెలీదు.
నాలుగో కుర్చీకి వాంతులు,
తొమ్మిదో కుర్చీకి జ్వరం,
పన్నెండో కుర్చీ ఇక రాదు.
ఇలా చెప్పుకుంటే డ్యూటీ మారేటప్పుడు
గొంతు పట్టేయదు.

ఇంటికెళ్లి పొయ్యిలో కట్టె వేస్తాను.
మా అమ్మాయి ఏదో చెబుతూ ఉంటుంది,
దాని పెదాలు కదలడం కనిపిస్తుంది.
ఉప్పు మరిచిన సూపు తాగి
బాగుందంటాను.

విరిగిన సెలైన్ స్టాండ్లు పడేసే గదిలో క్లాసు.
ఇల్సే హోఫ్‌స్టెటర్ గొంతు గోరువెచ్చని పాలు.
"కళ్లు మూసుకోండి.
మీరు సులువుగా ప్రేమించగలిగిన ఒకరిని తలుచుకోండి."
ఫార్మసీ గాస్తోన్ తన కుక్కను తలుచుకున్నాడు.
నేను మా అమ్మను పిలిచాను.
వచ్చి, ఆరో కుర్చీలో కూర్చుని,
చెయ్యి చాపింది.
కళ్లు తెరిచేశాను.

పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం!
ఇద్దరు నర్సుల్ని ఇవ్వండని మూడేళ్లుగా అడుగుతుంటే
ఊపిరి ఎలా పీల్చాలో చెప్పడానికి
ఒక మనిషిని పంపారు.

మూడో బుధవారం,
"ఇప్పుడు మీ మీద మీరే దయ..." అన్నదాకా విన్నాను.
తర్వాత నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి చీకటి పడింది.
అందరూ వెళ్లిపోయారు.
నా మీద ఎవరిదో కోటు:
బ్లీచు వాసన, కట్టెల పొగ వాసన,
జేబులో ఎండిపోయిన నారింజ తొక్క.
నోల్ఫా నేల తుడుస్తోంది,
నా కాళ్ల చుట్టూ ఒక జానెడు మేర వదిలేసి.
"లేపొద్దన్నాను వాళ్లని" అంది,
తల ఎత్తకుండానే.

దయ అంటే
నా చేతుల్లోంచి బయటికి పోయే సరుకనుకున్నాను ఇన్నాళ్లూ.
స్టాకు అయిపోయిందని బెంగ.
అది ఇలా వచ్చి మీద పడుతుందని,
పడితే బరువుంటుందని,
చేతులు నాకు పొట్టవుతాయని
ఎవరూ చెప్పలేదు.
కోటు ఆ రాత్రే ఇచ్చేశాను.
వానలో మూడు బస్సులు మారాలి ఆమె.

శుక్రవారం, ఏడో కుర్చీ.
నీబ్లా నుంచి వచ్చే పడవల వడ్రంగి.
నరం రెండుసార్లు జారిపోయింది.
ఇదివరకైతే పళ్లు బిగించి
మూడోసారి గుచ్చేదాన్ని.
సూది పక్కన పెట్టాను.
"నా చెయ్యి అలిసిపోయిందండీ ఇవాళ" అన్నాను.
ఆయన తన చేతిని చూసుకున్నాడు,
నా చేతిని చూశాడు.
"నాదీ అంతే. రెండింటినీ కాసేపు కూర్చోనిద్దాం."
వేడినీళ్ల సంచీ మీద
నాలుగు నిమిషాలు రెండు చేతులూ.
ఆయన పేరు ఎలెవుతేరియో.
దేవదారు కంటే అలెర్సే మంచిదట నీళ్లలో.

ఆరో వారం ఇల్సే మాట మధ్యలో ఆగిపోయి
కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంది.
ఎందుకని ఎవరమూ అడగలేదు.
గాస్తోన్ లేచి నీళ్లు మరగబెట్టాడు.
మాతే గిన్నె చుట్టూ తిరిగింది,
ఒకే గొట్టం, అందరి నోళ్లూ.
ఆ రోజు పాఠం జరగలేదు.

ఎనిమిదో బుధవారం ఒక కాగితం ఇచ్చారు.
ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలి:
మీ అలసట, మీ సహనం, మీ నిద్ర.
నిద్రకు ఐదు వేశాను.
మిగతావి వదిలేశాను.
అడుగున, సూచనలు అన్నచోట, రాశాను:

ఇద్దరు నర్సులు కావాలి.
స్టాండ్ల గదిలో ఒక దుప్పటి ఉంచండి.