ముందు ఎవరు పోయిండ్రు

పొద్దుగాల అయిదింటికి
మొహర్లీ గేటు కాడ రేకుల షెడ్డు తాళం తీస్త.
పద్దెనిమిది సైకిళ్లు.
రెండింటి సీట్లు కిందికి దిగవు, ఒకదానికి గంట లేదు.
గంట లేనిదాన్ని
నోరు మూతపడని గెస్టులకు ఇస్త.

మా నాయన బల్లార్షా బొగ్గుబాయిల దిగినోడు.
చీకట్ల తొవ్వ తప్పలే ఎన్నడు,
ఆదివారం కూరగాయలకు పోయి మాత్రం
ఇంకో గల్లీల తేలేటోడు.
నాకు ఈ ఎర్రమట్టి తొవ్వ ఒక్కటే తెలుసు.
గేటు నుంచి చెరువుకట్ట దాకా ఏడు కిలోమీటర్లు.

షేవంతా మడావి నాకంటే ముందే వస్తది.
చీర మీద ఖాకీ చొక్కా, మెడల విజిల్.
గెస్టులు చాయ్ తాగేలోపల
మేమిద్దరం వంగి తొవ్వను చదువుతం.

నిన్నటి టైరు గీత,
దాని మీద దుప్పి గిట్టలు,
దుప్పిని తొక్కుకుంట అడవిపంది,
అన్నిటి మీదికెళ్లి, తొందరేం లేనట్టు,
నాలుగు వేళ్లు, ఒక అరికాలు,
గోర్లు లోపలికి ముడుచుకొని.

"ఆడది," అంటది షేవంతా.
"గీతల మంచున్నది, అడుగుల లేదు.
ఇప్పుడే పోయింది."
ఆ దినం గేటు అరగంట ఆలస్యం.
రిజిస్టర్ల నేనే రాస్త, ఆమె చెప్పింది చెప్పినట్టు.

బోర్డు మీద మూడు భాషలున్నయి.
సైకిలోళ్లు నడిచేటోళ్లకు దారి ఇయ్యాలె.
ఎడమ దిక్కుకు ఉండాలె. ఒక్కలే పోవద్దు.
తెలుగుల లేదని నా షెడ్డు తలుపు మీద
సుద్దముక్కతోని నేనే రాసిన:
గాలి చూసుకోండ్రి.

నాగపూర్ నుంచి ఒకాయన
ఇంట్లకెళ్లే సైకిల్ తెచ్చుకున్నడు, నా షెడ్డు కంటే పిరం.
"నడిచేటోళ్లకు ఇస్తం సరే,
జంతువులొస్తే ఎవరు ముందు?" అన్నడు.
"బోర్డు చదవరానోళ్లు ముందు," అన్నది షేవంతా.
ఆయన నవ్విండు.
ఆమె నవ్వలే.

నాలుగో కిలోమీటరు కాడ, నల్లమద్ది కింద,
ఆమె చెప్పు సదురుకుంటది. రోజూ అక్కడనే.
ఎడమకు ఒక కాలిబాట ఉండె,
పులికంప కమ్మేసింది.
దాని అవుతల ఆమె తల్లిగారి ఊరుండె.
ఊరిని లారీలల్ల ఎక్కించి రోడ్డు పక్కకు తెచ్చిండ్రు,
ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క నంబరేసి.
గెస్టులకు ఈ ముచ్చట చెప్పదు.
నాకు ఒక్కసారి చెప్పింది:
"తునికాకు కట్ట నెత్తినెత్తుకొని ఈ తొవ్వనే వస్తుంటి.
అప్పుడు దీనికి పేరు లేకుండె.
పేరు లేని తొవ్వకు టికెట్ లేకుండె."

మొన్న జనవరిల, సైకిళ్లన్నీ లోపలికొచ్చినంక,
"నాకు నేర్పు," అన్నది.
నలభై ఎనిమిదేండ్ల మనిషి.
గంట లేనిది తీసిచ్చిన.
రెండుసార్లు పడ్డది. మోచెయ్యి గీసుకపోయింది.
మూడోసారి గేటు కర్ర దాకా పోయి
కాళ్లు నేలకు రాసి ఆపి,
లోపలికి చూసుకుంట నిలబడ్డది.
"చాలు, చీకటైతున్నది," అన్న.
తాళం చెవి మీటర్ డబ్బా మీద పెట్టి
ఇంటికి పోయిన. ఎక్కడ పెడతనో ఆమెకు తెలుసు.

తెల్లారి తొవ్వ మీద ఒక టైరు గీత.
తాగినోని సంతకం లెక్క
ఆ పక్కకు, ఈ పక్కకు.
గీత మీద ఆ ఆడదాని అడుగులు.
అడుగుల మీద
తిరిగొచ్చిన టైరు గీత,
కొంచెం సాఫుగ.

నేను వంగి చూసిన. షేవంతా వంగలే.
విజిల్ చీర కొంగుతోని తుడుచుకుంట నిలబడ్డది.
"ఎవరో పోయిండ్రు," అన్న.
"పులి పోయిందని రాయి," అన్నది.

అంతే రాసిన.
షెడ్డుకొచ్చి గంట లేని సైకిల్ బోర్ల పెట్టి
గొలుసుల ఇరికిన పులికంప పుల్ల తీసి
జేబుల వేసుకున్న.
బయట మొదటి బ్యాచ్ గంటలు కొట్టుకుంట
తొవ్వ మీదికి ఎక్కుతున్నది.