కాలు తీయొచ్చు

గేరు పక్కన బొటనవేలంత మీట.
పైకి లాగితే బండి నిలవాలి, కిందికి నొక్కితే వదలాలి.
అంతే దాని ఉద్యోగం.
లమారా గారి పాత ఓపెల్‌లో అది
నాలుగు నెలలుగా సెలవు పెట్టకుండానే సెలవులో ఉంది.

తిబిలిసిలో చదును వీధి వెతకడమంటే
నేతిబీరలో నెయ్యి వెతకడం.
"గేరులో వదిలేసి దిగొచ్చుగా?" అన్నాను.
"ఒకసారి దిగాను.
తిరిగొచ్చేసరికి మందుల షాపు మెట్టెక్కి కూర్చుంది."
అప్పట్నుంచి కుడికాలు బ్రేకు మీదే.
రొట్టె కిటికీలోంచి, మాత్రలు కిటికీలోంచి,
ఎదురింటి ఎతేరీతో తగువు కూడా
అద్దం సగం దించి.

షెడ్డులో చక్రాల కింద దుంగలు పెట్టాను.
అయినా ఆమె దిగలేదు.
సరే, కూర్చోండమ్మా, మీ మోకాలు పక్కనుంచే పని చేస్తాను.

బ్యాటరీ మైనస్ తీగ తీసి పక్కన పెట్టాను.
ప్లాస్టిక్ బద్ద అంచు కింద దూర్చి మెల్లగా ఎత్తితే
టక్, టక్, మూడో టక్ కొంచెం ఆలస్యంగా.
కింద పొద్దుతిరుగుడు పొట్టు, ఒక తలపిన్ను, పది తెత్రీల బిళ్ళ.
బిళ్ళ ఆమె చేతికిచ్చాను. లెక్క లెక్కే.
తీగల ముడికి చిన్న గొళ్ళెం ఉంటుంది,
అది నొక్కి లాగాలి, గుంజితే విరుగుతుంది.
మొదటేడు నేను మూడు విరిచాను.
బద్రీ మామయ్య మూడింటికీ జీతం కోశాడు.

నేను మరలు విప్పుతుంటే ఆమె
ముందు అద్దంతో మాట్లాడుతున్నట్టు అంది:
"జుంబేర్‌ని పూడ్చింది కొండ మీద.
అందరూ దిగారు. నేను దిగలేదు.
పక్క అద్దంలో చూశాను.
అందులో అన్నీ చిన్నగా కనిపిస్తాయి కదా,
పెట్టె కూడా."

ఏమనాలి? మర నేల మీద పడింది.
దాన్ని వెతుక్కునే నెపంతో కాసేపు వంగే ఉన్నాను.

మీట ఊడి చేతికొచ్చింది. గోటితో మూత విప్పాను.
లోపల స్ప్రింగు చుట్టూ
పచ్చటి పాకం, గాజుపెంకులా గడ్డకట్టి.
వాసన చూశాను. తార్ఖూన్ సోడా.
ఎవరో ఒలికించారు, తుడిచారు,
పైపైన.

ఆమె ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుంది.
"వాడి చేతులు వణికేవి," అంది.
చలికాలం గురించి చెప్పినట్టు చెప్పింది.
నేను గుడ్డతో నా చేతులు తుడుచుకున్నాను,
అప్పటికే తుడుచుకున్నవి.

కొత్త మీట ఎలియావా బజారులో కొన్నాను.
గుద్దుకున్న జర్మనీ బండిలోంచి తీసింది.
అమ్మేవాడు వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు.
ఆ అమ్మ మీద రోజుకి ముప్పై ఒట్లు పడతాయి గనక
మీటరు పెట్టి చూసే డబ్బులిచ్చాను.

బిగించాను. తీగ కలిపాను. తప్పుల చిట్టా చెరిపాను.
మీట లాగితే వెనక చక్రాల్లో
చిన్న మోటార్లు రెండూ గుర్రుమని,
పళ్ళు కొరుక్కుని, ఊరుకున్నాయి.
డయల్లో ఎర్రదీపం.

"ఇంక కాలు తీయొచ్చు."
తీయలేదు.
ఇక్కడ కాదంది. చదునులో అందరూ నమ్మకస్తులేనట.

చర్చి పక్క ఏటవాలుకి తీసుకెళ్ళాం.
మీట ఆమే లాగింది. నేను దిగి బండి వెనక నిలబడ్డాను.
మామయ్య చూస్తే చెంప పగలగొట్టేవాడు.
వెనక అద్దంలో ఆమె కళ్ళు, నా నడుము వంక.
ఎంతసేపో తెలీదు. ఒక ట్రాలీ నిండా దానిమ్మలు
దిగిపోయాయి మా పక్కనుంచి.

బండి వేలెడు వెనక్కి జారింది.
నిలిచింది.

తలుపు తెరుచుకుంది. కుడికాలు ముందు,
తిమ్మిరెక్కిన కాలు, నేలని నమ్మకుండా తాకింది.
తాళం బండిలోనే, పర్సు బండిలోనే, నా ఎనభై లారీలూ అందులోనే.
శ్మశానం ఎటని నన్నడగలేదు.
ఎత్తుకి వంగి నడిచింది, ఆ పచ్చ ముక్క పిడికిట్లో.

సాయంత్రం దాకా నేను బండికి కాపలా.
షెడ్డు కుక్క వెంట వచ్చింది.
బండ్ల సంగతి దానికి బాగా తెలుసు, ఏ చక్రాన్నీ ఊరికే నమ్మదు.
వెనక చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగి,
వాసన చూసి,
దాని కిందే పడుకుంది.