మోసి

గున్సాన్ బడి వంటశాలలో
ఏడువందల మంది పిల్లలకు సూప్ కాచే మనిషిని.
జూన్ దాటిందంటే నా వీపు నాది కాదు.
"చల్లదనం నేసిన గుడ్డ" అని చీటీ ఉన్న యూనిఫాం
ఉడికిన బంగాళాదుంప తొక్కలా అంటుకుంటుంది.
ఒకరోజు చీటీ తిప్పి చదివాను.
నూటికి నూరు పాలిస్టర్.
చల్లదనం చీటీ దగ్గరే ఆగిపోయింది.

లోపల నూలు బనీను వేసుకోమంది ఆడపడుచు గిల్‌రే.
వేసుకున్నాను.
నూలు చెమటని తాగుతుంది, తాగింది వదలదు.
మధ్యాహ్నానికి వీపు మీద
తడిసిన పిల్లిని మోస్తున్నట్టే ఉంది.

అందుకే సెలవు రోజున
మొదటి బస్సెక్కి నది దాటాను.
హన్సాన్ సంతలో మోసి బట్ట
తెల్లారకముందే అమ్ముడైపోతుందట.
"ఎండలో అన్ని నేతలూ అందంగానే ఉంటాయి,
తప్పులు బయటపడేది బల్బు కిందే" అంది
పక్క సీటావిడ, ఒళ్లో ఉల్లికాడల సంచితో.

బల్బు కింద పరిచారు.
తూనీగ రెక్క.
కింద చెయ్యి పెడితే నా అరచేతి గీతలు కనిపించాయి,
కాలిన మచ్చలతో సహా.
చెంపకి ఆనించుకోబోయాను.
"ముందు చెయ్యి తుడుచుకో" అంది బాంగ్ ఒక్‌బున్.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. దుకాణమంటే ఒక చాప.

ధర అడిగాను.
చెప్పింది.
మళ్లీ అడగలేదు.

ఇంత పలచటి గుడ్డకి అంతా! అని
నేననలేదు గానీ, నా మొహం అన్నట్టుంది.
ఆవిడ నోరు తెరిచి చూపించింది.
కింది పళ్లలో ఒక గాడి,
బావి ఒర మీద చేంతాడు కోసినట్టు.
"నారని పంటితోనే చీల్చాలి.
పదమూడో ఏట మొదలుపెట్టాను.
తినడానికి తక్కువ, దీనికే ఎక్కువ వాడాను వీటిని."

బట్ట మడతపెడుతూ ఇంకా చెప్పింది.
పొడిగాలి తగిలితే పోగు తెగిపోతుందట.
అందుకని వేసవిలో, అదీ నడివేసవిలో,
తలుపు వేసి, కిటికీ మూసి,
నేల తడిపి ఆ ఉక్కలో కూర్చుని నేస్తారట.
చెమట మగ్గం మీద రాలకుండా
నుదుటికి ఒక గుడ్డ కట్టుకుంటారట.
ఏం గుడ్డ అని అడిగాను.
నవ్వింది.
"నూలుదే. పాతది.
మోసి కట్టుకునే స్తోమత ఎవరికుంది?"

మోసి.
ఎవరో మోసి, మోసి,
ఇంకొకరి ఒంటి మీద బరువు లేకుండా చేసిన బట్ట.

మంచి బట్టే, కాదనను.
ఏడాదికి మూడుసార్లు కోసినా మొక్క మళ్లీ లేస్తుంది,
ఉతికిన కొద్దీ తెల్లబడుతుంది,
మట్టిలో వేస్తే మట్టవుతుంది.
నా యూనిఫామైతే నా మునిమనవల మనవల్ని కూడా చూసేట్టుంది.
అంతా నిజమే.
ఆ మూసిన కిటికీని మాత్రం
ఏ లెక్కలో రాయాలో తెలియలేదు.
ఉల్లికాడలావిడని అడుగుదామనుకున్నా,
అప్పటికే బేరంలో పడిపోయింది.

చివరికి ఒక ముక్క కొన్నాను.
జానెడు మీద నాలుగు వేళ్లు.
నేత తప్పిన చోటు దాచలేదు, వేలు పెట్టి మరీ చూపించింది:
"ఇదిగో, ఇక్కడ తుమ్మొచ్చింది."

ఆ రాత్రి యూనిఫాం వెనక,
రెక్కల ఎముకల మధ్య,
కత్తెరతో చదరంగా కోశాను.
బడి సొత్తు. చేతులు వణికాయి.
ఆ ఖాళీలో మోసి ముక్క పెట్టి
అంచులు మడిచి రెండు వరసలు కుట్టాను.

సోమవారం. గంగాళంలో సోయా సూప్ తెర్లుతోంది.
వెనక నుంచి వెళ్తూ సూపర్‌వైజర్ తక్ ఆగాడు.
ఏమిటది, అన్నాడు.
కిటికీ, అన్నాను.
రూల్స్ పుస్తకంలో కిటికీల ఊసు లేదు కాబోలు,
కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

పదకొండున్నరకి ఎప్పట్లాగే మెడ కింద నుంచి
చెమట బయల్దేరింది.
ఆ చదరం దాకా వచ్చి
ఆరిపోయింది.
అరచెయ్యంత చోటు, అంతే.
తుమ్ము ఉన్న దగ్గర కొంచెం గరుగ్గా తగులుతోంది,
ఎవరో వేలు తియ్యడం మరిచిపోయినట్టు.